గుండె కుడి వైపు చేతులెత్తేస్తే..? ఛాతీ కోయకుండా రక్తనాళంలోంచి వెళ్లే బుల్లి పంప్.. ఎప్పుడు పెట్టారన్నదే అసలు పాయింట్!

హార్ట్ ఎటాక్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఎడమ వైపు ఛాతీ నొప్పి, ఎడమ చేతికి లాగడం. స్టెంట్, బైపాస్, పంపింగ్ శాతం.. మనం రోజూ వినే మాటలు కూడా ఎక్కువగా గుండె ఎడమ భాగం గురించే. మరి గుండెకు కుడి వైపు కూడా ఉంది కదా.. అది ఆగిపోతే పరిస్థితి ఏంటి? ఎడమ వైపు బాగానే ఉన్నా బీపీ ఎందుకు పడిపోతుంది? అలాంటి టైంలో డాక్టర్లు ఛాతీ తెరవకుండానే తొడ దగ్గర నుంచో, మెడ దగ్గర నుంచో పంపే చిన్న పంప్ ఎలా పనిచేస్తుంది? అది నిజంగా ప్రాణం కాపాడుతుందా? ఈ స్టోరీలో వివరంగా చూద్దాం.

అసలు కుడి వైపు చేసే పనేంటి?

సింపుల్‌గా చెప్పాలంటే మన గుండె ఒకటి కాదు.. పక్కపక్కనే అతుక్కుని ఉన్న రెండు పంపులు. శరీరం అంతా తిరిగి ఆక్సిజన్ అయిపోయిన రక్తం ముందుగా కుడి వైపుకు వస్తుంది. కుడి జఠరిక, అంటే కుడి కింది గది, ఆ రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకున్న రక్తం ఎడమ వైపుకు చేరుతుంది. ఎడమ జఠరిక దాన్ని మెదడు, కిడ్నీలు, కాళ్లు, చేతులు.. ఇలా ఒళ్లంతటికీ పంపిస్తుంది.

అపార్ట్‌మెంట్లో నీళ్ల సిస్టమ్ గుర్తు చేసుకోండి. బోరు మోటార్ నీళ్లను సంపులోకి పంపుతుంది. ఇంకో మోటార్ సంపు నుంచి పైన ట్యాంకుకు ఎక్కిస్తుంది. బోరు మోటార్ కాలిపోతే ఏమవుతుంది? సంపు ఖాళీ. పైకి ఎక్కించే మోటార్ కొత్తదే అయినా, ఎంత పవర్ ఉన్నా లాభం లేదు.. లాగడానికి నీళ్లే ఉండవు. గుండెలోనూ అంతే. కుడి వైపు ఆగితే ఎడమ వైపుకు రక్తం అందదు. బీపీ పడిపోతుంది. అంటే బాగున్న ఎడమ గుండె కూడా పని లేకుండా ఖాళీగా కొట్టుకుంటుందన్నమాట.

ఇక్కడ ఇంకో తేడా ఉంది. ఎడమ జఠరిక గోడ దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కుడి జఠరిక గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లే. ఎందుకంటే దాని పని తేలిక. ఎడమ వైపు 120 దాకా ప్రెజర్ పుట్టించాలి, కుడి వైపుకు 25 సరిపోతుంది. పల్చటి గోడ కాబట్టి ఎక్కువ రక్తం వస్తే సాగి సర్దుకోగలదు. కానీ ఎదురుగా ప్రెజర్ ఒక్కసారిగా పెరిగితే మాత్రం తట్టుకోలేదు.

ఎందుకు ఫెయిల్ అవుతుంది?

కారణాలు చాలానే ఉన్నాయి. ముఖ్యమైనవి ఇవీ..

హార్ట్ ఎటాక్: గుండె కింది గోడకు వచ్చే ఎటాక్‌లో చాలాసార్లు కుడి జఠరిక కూడా దెబ్బతింటుంది. ఎందుకంటే ఎక్కువ మందిలో ఈ రెండింటికీ రక్తం ఇచ్చేది కుడి కరోనరీ ధమనే.

ఊపిరితిత్తుల్లో గడ్డ: కాళ్ల సిరల్లో కట్టిన రక్తపు గడ్డ పైకి ప్రయాణించి ఊపిరితిత్తుల ధమనిలో అడ్డం పడుతుంది. దీన్నే పల్మనరీ ఎంబాలిజం అంటారు. పెద్ద ఆపరేషన్ తర్వాత మంచం మీదే ఉన్నవాళ్లకు, గంటల తరబడి కదలకుండా కూర్చుని ప్రయాణం చేసేవాళ్లకు ఈ రిస్క్ ఎక్కువ. పిల్లల్ని చూడటానికి అమెరికా ఫ్లైట్ ఎక్కే పెద్దవాళ్లను మధ్యమధ్యలో లేచి నడవమని చెప్పేది ఇందుకే.

గుండె ఆపరేషన్ల తర్వాత: గుండె మార్పిడి, వాల్వ్ సర్జరీ లాంటివి అయ్యాక కొందరిలో కుడి వైపు వెంటనే పుంజుకోదు. ఎడమ వైపుకు ఎల్‌వ్యాడ్ అనే కృత్రిమ పంప్ అమర్చినప్పుడు ఈ సమస్య ఇంకా ఎక్కువ. కొత్త పంప్ జోరుగా రక్తం తోడేస్తుంటే, ఆ వేగానికి తగ్గట్టు రక్తం అందించడం కుడి వైపు వల్ల కాదు.

వీటితో పాటు ఊపిరితిత్తుల్లో హై బీపీ, గుండె కండరానికి వైరల్ ఇన్ఫెక్షన్, ఏళ్ల తరబడి ఉన్న ఎడమ వైపు ఫెయిల్యూర్ కూడా కుడి వైపును కుంగదీస్తాయి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

ఎడమ వైపు ఫెయిలైతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆయాసం ముందు కనిపిస్తుంది. కుడి వైపు ఫెయిలైతే రక్తం వెనక్కి, అంటే శరీరం వైపుకు నిలిచిపోతుంది. మెడ దగ్గర సిరలు ఉబ్బుతాయి. కాళ్లు వాస్తాయి. పొట్ట ఉబ్బుతుంది. లివర్ బరువెక్కి పక్కటెముకల కింద నొప్పి వస్తుంది. మూత్రం తగ్గుతుంది. నీరసం, కళ్లు తిరగడం ఉంటాయి. ఇది నెమ్మదిగా ముదిరితే కనిపించే చిత్రం. హార్ట్ ఎటాక్‌తోనో, గడ్డతోనో అకస్మాత్తుగా జరిగితే ఇవన్నీ కనిపించేంత టైం కూడా ఉండకపోవచ్చు. బీపీ పడిపోయి, ఒళ్లు చల్లబడి నేరుగా షాక్‌లోకి వెళ్తారు.

సార్బిట్రేట్ విషయంలో జాగ్రత్త

ఇది చాలా ఇళ్లకు సంబంధించిన విషయం. ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేయడం మన దగ్గర అలవాటు. ఈ మందు సిరల్ని వదులు చేసి గుండెకు వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. మామూలు ఛాతీ నొప్పిలో అది ఉపశమనమే. కానీ కుడి జఠరిక దెబ్బతిన్న ఎటాక్‌లో గుండె బండి నడిచేదే ఆ వచ్చే రక్తం మీద. అది కూడా తగ్గితే బీపీ దారుణంగా పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే బీపీ తక్కువగా ఉన్నప్పుడు, కుడి వైపు దెబ్బతిందన్న అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు ఈ మందు ఇవ్వకుండా జాగ్రత్త పడతారు. ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి కుడి వైపున కూడా లీడ్లు పెట్టి చూసేది ఇందుకోసమే. ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, డాక్టర్ ముందే రాసిచ్చిన మందు తప్ప ఇంకేదీ సొంతంగా వేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయడం మంచిది.

మొదట మందులే.. పంప్ తర్వాతే

కుడి వైపు ఫెయిలైన ప్రతి ఒక్కరికీ పంప్ పెట్టరు. ముందు కారణాన్ని సరిచేస్తారు. ధమని మూసుకుపోతే యాంజియోప్లాస్టీ. గడ్డ ఉంటే కరిగించే ఇంజెక్షన్ లేదా క్యాథెటర్‌తో బయటకు తీయడం. ఒంట్లో నీరు తక్కువైతే కొద్దిగా సెలైన్, ఎక్కువైతే మూత్రం వచ్చే మందులు. ఇక్కడ లెక్క చాలా సున్నితం. సెలైన్ ఎక్కువైతే కుడి జఠరిక బెలూన్‌లా ఉబ్బి, మధ్య గోడను ఎడమ వైపుకు తోస్తుంది. దాంతో ఎడమ గది ఇరుకైపోయి బీపీ ఇంకా పడిపోతుంది.

దీనితో పాటు గుండె కొట్టుకునే బలాన్ని పెంచే డోబుటమైన్, మిల్రినోన్ లాంటి మందులు, బీపీ నిలబెట్టే నార్‌ఎపినెఫ్రిన్, ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ వాడతారు. ఇవన్నీ ఇచ్చినా బీపీ నిలబడకపోతే.. అప్పుడు యంత్రం వంతు.

ఒకప్పుడు దీనికి ఛాతీ తెరిచి, గుండెకు పైపులు కుట్టి, బయట పంప్ పెట్టడమే దారి. అసలే షాక్‌లో ఉన్న మనిషికి మళ్లీ పెద్ద ఆపరేషన్ అంటే రిస్క్ మామూలుగా ఉండదు. క్యాథెటర్ పంపులు మార్చింది ఈ పరిస్థితినే.

తొడ దగ్గర నుంచి గుండెలోకి.. ఇంపెల్లా ఆర్‌పీ

ఈ పంపుల్లో ఎక్కువగా వినిపించే పేరు ఇంపెల్లా ఆర్‌పీ. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన అబియోమెడ్ కంపెనీ దీన్ని తయారు చేసింది. ఈ కంపెనీని 2022 చివర్లో జాన్సన్ అండ్ జాన్సన్ కొనేసింది.

పంప్ తల మందం 22 ఫ్రెంచ్. ఫ్రెంచ్ అంటే క్యాథెటర్ల కొలత, 3 ఫ్రెంచ్ అంటే ఒక మిల్లీమీటర్. అంటే ఈ పంప్ సుమారు 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాదాపు ఒక పెన్సిల్ లావు అనుకోండి. దాన్ని తొడ దగ్గరి సిరలోకి ఎక్కిస్తారు. క్యాథ్‌ల్యాబ్‌లో ఎక్స్‌రే స్క్రీన్ మీద చూసుకుంటూ పొట్టలోని పెద్ద సిర మీదుగా కుడి కర్ణికలోకి, అక్కడి నుంచి కుడి జఠరికలోకి, దాన్ని దాటి ఊపిరితిత్తుల ధమనిలోకి నడిపిస్తారు.

ఇక పంప్ రక్తాన్ని లాగేది ఎక్కడ, వదిలేది ఎక్కడ? లాగే రంధ్రాలు గుండె కింద పెద్ద సిరలో ఉంటాయి. వదిలే రంధ్రాలు ఊపిరితిత్తుల ధమనిలో ఉంటాయి. అంటే అలసిపోయిన కుడి గుండెను పక్కన పెట్టి, దాని పనిని పంపే చేసేస్తుంది. నిమిషానికి 4 లీటర్లకు పైగా రక్తాన్ని పంపగలదు. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి పంపేది 5 లీటర్ల వరకూ ఉంటుంది. పోల్చి చూస్తే అది చిన్న సాయం కాదు.

దీన్ని వాడటానికి అనుమతి గరిష్ఠంగా 14 రోజులకే. అంటే ఇది శాశ్వత పరికరం కాదు. కుడి గుండె కోలుకునే దాకా, లేదా తర్వాత ఏం చేయాలో డాక్టర్లు తేల్చుకునే దాకా గడువు కొనిచ్చే యంత్రం.

ఐడియా వచ్చింది పల్లెటూరి నీళ్ల యంత్రం నుంచి!

రక్తనాళంలో తిరిగే పంప్ అనే ఆలోచన వెనక ఇంట్రెస్టింగ్ కథ ఉంది. 1970ల్లో రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికన్ డాక్టర్ ఈజిప్ట్‌లోని ఓ ఊళ్లో పనిచేస్తున్నప్పుడు, అక్కడి జనం మర తిప్పుతూ నీళ్లు పైకి తోడటం చూశారు. గొట్టంలో మెలికలు తిరిగిన మర తిరుగుతుంటే నీళ్లు పైకి ఎక్కుతాయి. దాన్నే ఆర్కిమెడీస్ స్క్రూ అంటారు. ఇదే పద్ధతిలో రక్తాన్ని ఎందుకు తోడకూడదు అన్న ఆలోచనతో ఆయన హీమోపంప్‌ను రూపొందించారు. 1988లో దాన్ని మొదటిసారి మనిషికి వాడారు.

గుండె లాగా కొట్టుకోకుండా, తిరుగుతూ రక్తాన్ని నెట్టే చిన్న పంపులకు అదే దారి వేసింది. ఆ తర్వాత జర్మనీలోని ఆకెన్‌లో ఇంపెల్లా పుట్టింది. 2005లో అబియోమెడ్ దాన్ని కొనుగోలు చేసింది. మొదట్లో దృష్టంతా ఎడమ వైపు పంపుల మీదే. కుడి వైపు కోసం చేసిన ఆర్‌పీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 జనవరిలో పరిమిత అనుమతి, 2017 సెప్టెంబర్‌లో పూర్తి అనుమతి ఇచ్చింది.

మెడ నుంచి వెళ్లేవీ ఉన్నాయి

తొడ దగ్గర నుంచి ఎక్కించే పంప్‌తో ఓ ఇబ్బంది ఉంది. పేషెంట్ కాలు మడవకూడదు, మంచం దిగకూడదు. రోజుల తరబడి కదలకుండా పడుకుంటే కండరాలు బలహీనపడతాయి. ఇన్ఫెక్షన్లు, గడ్డల భయం కూడా పెరుగుతుంది.

అందుకే మెడ సిరలోంచి వెళ్లే పరికరాలు వచ్చాయి. వాటిలో ఒకటి ప్రోటెక్ డ్యూయో. ఇది ఒకే గొట్టంలో రెండు దారులున్న పైపు. ఒక దారి కుడి కర్ణిక నుంచి రక్తాన్ని బయటకు లాగుతుంది, రెండోది దాన్ని ఊపిరితిత్తుల ధమనిలోకి వదులుతుంది. ఇందులో పంప్ శరీరం బయట ఉంటుంది. ఊపిరితిత్తులు కూడా దెబ్బతిన్న వాళ్లకు మధ్యలో ఆక్సిజన్ ఎక్కించే పరికరాన్ని కలపొచ్చు. కోలుకుంటున్న పేషెంట్‌ను సాయం పట్టుకుని నడిపించడం కూడా కుదురుతుంది.

2022లో ఇంపెల్లాలోనూ మెడ సిర ద్వారా వెళ్లే ఆర్‌పీ ఫ్లెక్స్ మోడల్‌కు ఎఫ్‌డీఏ అనుమతి దక్కింది.

మరి ఎక్మో కదా అందరూ చెప్పేది?

కోవిడ్ టైం నుంచి ఎక్మో పేరు మన జనానికి బాగా తెలుసు. గుండె కోసం వాడే ఎక్మో సిర నుంచి రక్తాన్ని లాగి, ఆక్సిజన్ ఎక్కించి, నేరుగా ధమనిలోకి పంపుతుంది. దీనితో కుడి గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. కాకపోతే ధమనిలోకి ఎదురు వచ్చే ఆ రక్తానికి వ్యతిరేకంగా ఎడమ గుండె నెట్టాల్సి వస్తుంది. అంటే ఎడమ వైపు మీద భారం పెరుగుతుంది. కుడి వైపు పంప్ అలా కాదు, రక్తం నడిచే సహజమైన దారిలోనే ముందుకు నెడుతుంది.

దీనికీ ఓ షరతు ఉంది. ఎడమ గుండె బాగుండాలి. ఎడమ వైపు కూడా బలహీనంగా ఉన్నప్పుడు కుడి వైపు ఒక్కదానికే పంప్ పెడితే, పంపిన రక్తాన్ని ఎడమ వైపు తోడలేక ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. అలాంటప్పుడు రెండు వైపులా పంపులు పెట్టాలి, లేదా ఎక్మోకు వెళ్లాలి. రెండూ ఫెయిలయ్యాయా, ఒక్కటేనా అన్నది ఎకో టెస్ట్, గుండెలోని ప్రెజర్ కొలతలు చూసి తేలుస్తారు.

73 శాతం ఎక్కడ.. 17 శాతం ఎక్కడ!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పంప్ నిజంగా ప్రాణాలు కాపాడుతోందా?

అమెరికాలో జరిగిన రికవర్ రైట్ అనే స్టడీలో 30 మందికి ఇంపెల్లా ఆర్‌పీ పెట్టారు. వీరిలో 18 మంది ఎల్‌వ్యాడ్ అమర్చాక కుడి వైపు ఫెయిలైనవాళ్లు. మిగతా 12 మంది గుండె ఆపరేషన్, మార్పిడి లేదా హార్ట్ ఎటాక్ తర్వాత ఫెయిలైనవాళ్లు. మొత్తంగా 73.3 శాతం మంది బతికారు. సగటున పంప్ ఉంచింది 3 రోజులే. షాక్‌లో ఉన్నవాళ్ల విషయంలో ఇది మంచి ఫలితమే.

అనుమతి వచ్చాక మామూలు ఆస్పత్రుల్లో వాడకం మొదలైంది. 2019 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ డాక్టర్లకు ఓ లేఖ రాసింది. అనుమతి తర్వాత ఫాలో చేసిన 23 మందిలో బతికింది నలుగురే అని అందులో ఉంది. అంటే 17.4 శాతం. పంప్ అదే, కంపెనీ అదే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

అదే ఏడాది మే నెలలో ఎఫ్‌డీఏ మరిన్ని వివరాలు బయటపెట్టింది. అప్పటికి లెక్కలోకి వచ్చిన 42 మందిని రెండు గుంపులుగా విడదీసి చూశారు. మొదటి స్టడీల్లో పెట్టుకున్న రూల్స్‌కు సరిపోయే పేషెంట్లు 14 మంది. వారిలో 9 మంది బతికారు, అంటే 64 శాతం. ఆ రూల్స్‌కు సరిపోనివాళ్లు 28 మంది. వారిలో బతికింది ముగ్గురే, అంటే దాదాపు 11 శాతం.

ఆ రెండో గుంపులో ఎక్కువగా ఎవరున్నారు? అప్పటికే 48 గంటలకు పైగా షాక్‌లో ఉన్నవాళ్లు. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్లు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్నవాళ్లు. అంటే పంప్ పెట్టేసరికే చేయి దాటిపోయిన కేసులు. సరైన పేషెంట్లకు వాడితే ఈ పరికరంతో రిస్క్ కన్నా లాభమే ఎక్కువని ఎఫ్‌డీఏ అప్పుడు స్పష్టం చేసింది.

ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఇవి చిన్న గుంపులు, పెద్ద స్థాయి ట్రయల్స్ కావు. రెండు గుంపుల్లోని పేషెంట్ల పరిస్థితి మొదటి నుంచే వేరు. కాబట్టి త్వరగా పెట్టినందుకే అందరూ బతికారని ఈ అంకెలు రుజువు చేయవు. కానీ అన్నీ అయిపోయాక ఆఖరి ప్రయత్నంగా పెట్టే పంప్ మీద పెద్దగా ఆశ పెట్టుకోలేమన్నది మాత్రం వీటిలో కనిపిస్తోంది. లివర్, కిడ్నీలు, మెదడు దెబ్బతిన్నాక రక్తం ఎంత తోడినా వెనక్కి తేవడం కష్టం.

రిస్కులు లేవా?

ఉన్నాయి. పంప్ లోపల రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి బ్లీడింగ్ కావొచ్చు. ఆపరేషన్ అయి గాయాలు పచ్చిగా ఉన్నవాళ్లలో ఈ భయం ఇంకా ఎక్కువ. వేగంగా తిరిగే పంప్‌లో ఎర్ర రక్తకణాలు చితికిపోవచ్చు. అప్పుడు మూత్రం రంగు మారుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. పంప్ చోటు జరగడం, రక్తనాళం లేదా గుండె కవాటాలు దెబ్బతినడం, ఇన్ఫెక్షన్ కూడా జరగొచ్చు.

కుడి వైపు కృత్రిమ మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు, పంప్ వెళ్లే దారిలో రక్తపు గడ్డ ఉన్నవాళ్లకు దీన్ని పెట్టడం కుదరదు. లేచి నిలబడే అవకాశమే లేనంతగా దెబ్బతిన్న కుడి గుండెకు, ముందు ఇంకో దారి లేనప్పుడు దీనితో ప్రయోజనం తక్కువ.

పంప్ తీసేది ఎప్పుడు?

కుడి గుండెకు ఒక మంచి గుణం ఉంది. భారం తగ్గిస్తే చాలాసార్లు త్వరగా తేరుకుంటుంది. బీపీ నిలబడి, మూత్రం సరిగ్గా వస్తూ, మందుల డోసు తగ్గుతుంటే డాక్టర్లు పంప్ స్పీడ్‌ను మెల్లగా తగ్గిస్తూ చూస్తారు. ఎకోలో కుడి జఠరిక సొంతంగా పనిచేస్తోందని కనిపిస్తే క్యాథెటర్ బయటకు తీసేస్తారు. కోలుకోకపోతే ఎక్కువ రోజులు ఉంచగల పంప్ లేదా గుండె మార్పిడి గురించి ఆలోచిస్తారు.

ఐసీయూ బయట ఉన్న కుటుంబం అడగాల్సినవి

ఈ టెక్నాలజీ అన్ని ఆస్పత్రుల్లో ఉండదు, ఖర్చు కూడా భారీగా ఉంటుంది. పంప్ అనే మాట వినగానే భయపడి వెంటనే సంతకం పెట్టడమో, వద్దనేయడమో కాకుండా డాక్టర్‌ను ఈ ప్రశ్నలు అడగండి..

* ఫెయిలైంది కుడి వైపా, ఎడమ వైపా, రెండూనా?
* కారణం ఏంటి? అది సరిచేయగలిగేదేనా?
* షాక్ మొదలై ఎన్ని గంటలైంది? కిడ్నీలు, లివర్, మెదడు ఎలా ఉన్నాయి?
* ఈ ఆస్పత్రిలో ఎక్మో, కుడి వైపు పంప్ సదుపాయం ఉందా? లేకపోతే ఉన్నచోటికి ఇప్పుడే తరలించొచ్చా?
* పంప్ పెట్టినా కోలుకోకపోతే తర్వాతి ప్లాన్ ఏంటి?

వీటిలో నాలుగోది అన్నిటికన్నా తొందరగా అడగాల్సిన ప్రశ్న. ఇంకో రోజు చూద్దాం అనుకునేలోపు ఆ 48 గంటలు కరిగిపోతాయి. పెద్ద సెంటర్‌కు తీసుకెళ్లాలా వద్దా అన్న మాట మొదటి రోజే తేలితే, ఆ బుల్లి పంప్‌కు పనిచేసే అవకాశం దొరుకుతుంది.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నవారు తప్పనిసరిగా డాక్టర్‌ను సంప్రదించి, వారి సలహా మేరకే నిర్ణయం తీసుకోవాలి.